ఒక పిల్ల ఉంది

కడియపులంక,
12 జూలై 1998.

అత్తయ్యకి నమస్కారాలు.

గది దొరికింది. మేడ మీద గది. కిటికీ తెరిస్తే గులాబీ మొక్కలు కనిపిస్తాయి, ఎన్ని ఎకరాలో అడగలేదు. ఇంటావిడ పేరు తలుపులమ్మగారు. భర్త పోయాక నర్సరీ అంతా ఆవిడే చూసుకుంటున్నారు. గొంతు పెద్దది. రోజూ సాయంత్రం గిన్నెలో కూర పెట్టి మెట్ల మీద నుంచే కేకేస్తారు. వద్దనడం నాకు చేతకాలేదు. ఇప్పుడు అలవాటైపోయింది.

స్కూల్లో ఏడో తరగతికి తెలుగు చెప్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ లైబ్రరీ బీరువా తాళంచెవి నా చేతికిచ్చారు. మొత్తం నూట నలభై పుస్తకాలు. సగానికి అట్టలు లేవు. మధ్యాహ్నాలు అట్టలు వేస్తూ కూర్చుంటాను. నాన్న అడిగితే నేను బాగున్నానని చెప్పండి. నిజంగానే బాగున్నాను.

ఒక సంగతి మిమ్మల్ని అడగాలి. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేశారు కాబట్టి మీకు తెలుస్తుంది.

ఒక పిల్ల ఉంది. ఉంటున్న ఇల్లు సొంత ఇల్లు కాదు. ఇంత ఉక్కలోనూ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్ళు మూసుకుంటుంది. ఆ ఇంట్లో ఎవరో కొడుతున్నారని అనుమానం. అడిగితే గులాబీ ముళ్ళు గీరుకున్నాయంటుంది. చెప్పుకోవడానికి ధైర్యం లేదు. ఇలాంటి పిల్ల ఏం చేయాలి అత్తయ్యా?

పేరు రాయను. ఇక్కడ వేసిన ఉత్తరాలు మీ దాకా వచ్చేలోపు ఎంతమంది చేతులు మారతాయో తెలియదు. నాన్నకి ఈ సంగతి చెప్పకండి.

మీ
హారతి


పెనుగొండ,
17 జూలై 1998.

నా తల్లి హారతికి అత్తయ్య దీవెనలు.

నేనూ, నా మోకాలూ, నా పిల్లీ ముగ్గురం కులాసా. పిల్లికి మాత్రం ఈ మధ్య పొగరెక్కింది. నేను కూర్చునే కుర్చీలోంచి లేవమంటే నన్ను అద్దెకున్నదాన్ని చూసినట్టు చూస్తోంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జాగ్రత్తగా విను. ఆ పిల్లతో ఈ మాట చెప్పు. తప్పు తనది కాదు. కొట్టినవాడిదే తప్పు. ఒకవేళ ఆ పిల్ల ఏదైనా పొరపాటు చేసినా సరే, తప్పు కొట్టినవాడిదే. నోరు విప్పినందుకు ఎవరూ తనని తక్కువగా చూడరు. ఆ పిల్లని కన్నబిడ్డలా చూసుకునేవాళ్ళు ఉన్నారు. అర్థమైందా?

ఇంకో మాట. ఇంటి పెద్దకి తెలియకుండా ఇలాంటివి తీరవు. సిగ్గుపడకుండా ఇంటి పెద్దకి రాయమను. రెండు ముక్కలు చాలు.

ఆ గదికి లోపల గడియ ఉందా? గట్టిగా పడుతుందా? మెట్లెక్కి పైకి ఎవరెవరు వస్తారు? వెంటనే రాయి. సంచీ సర్దుకునే ఉన్నాను. రావులపాలెంలో బస్సు మారితే మధ్యాహ్నానికల్లా నీ ముందుంటాను. నేను రాయాల్సిన వాళ్ళకి వేరే రాశాను.

భోజనం మానేయకు.

శ్యామలాంబ


కడియపులంక,
26 జూలై 1998.

అత్తయ్యకి,

గదికి గడియ ఉంది. ఎందుకు అడిగారో మొన్న సాయంత్రం అర్థమైంది.

ఆ సాయంత్రం కూర రాలేదు. కేక కూడా వినబడలేదు. కిందికి వెళ్తే తలుపులమ్మగారు మీరు తనకి రాసిన ఉత్తరం నా చేతిలో పెట్టారు. “చదవండి టీచరుగారూ. మీ మేనత్తగారికి మేం రాక్షసులమంటండీ. రాక్షసులు వండిన కూర మీకెందుకండీ పాపం.” ‘మా మేనకోడలి ఒంటి మీద చెయ్యి వేసిందెవరో మంగళవారం లోగా రాయండి, లేకపోతే నేనే వస్తాను’ అని రాశారు మీరు. నేను ఆ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అది చూసి ఆవిడకి ఇంకా కోపం వచ్చింది.

అత్తయ్యా, ఆ పిల్ల నేను కాదు. మా ఏడో తరగతి పిల్ల. పేరు ఉషారాణి, పన్నెండేళ్ళు. ఇక పేరు దాచి లాభం లేదు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి సురేష్‌బాబు మొక్కల లారీ నడుపుతాడు. ఒకసారి వెళితే ఇరవై రోజులకి గాని రాడు. ఈ పిల్ల పెదనాన్న అబ్బులు ఇంట్లో ఉంటోంది.

ఇంటి పెద్దకి రాయమన్నారు కదా. ఆ పిల్ల ఉంటున్న ఇంటి పెద్దకేమో అనుకున్నాను. మేం చదువుకున్న చోట ఏ సంగతైనా డైరీలో రాసి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మనేవారు. నేనూ అలాగే చేశాను. ‘ఈ అమ్మాయి దిగులుగా ఉంటోంది. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నాయి. దయచేసి గమనించగలరు.’

మూడు రోజులు ఉష స్కూలుకి రాలేదు. నాలుగో రోజు వచ్చింది. డైరీలో అబ్బులు సంతకం ఉంది. చాలా శుభ్రంగా పెట్టాడు. ఆ రోజంతా ఆ పిల్ల బెంచీకి వీపు ఆనించలేదు. నీళ్ళు తాగడానికి వంగినప్పుడు మెడ కింద చూశాను. ముళ్ళ గీతలు కావు. ముళ్ళు వీపు మీదికి ఎలా వస్తాయి? వేలు లావున, వంపు తిరిగిన మచ్చలు. తాడో పైపో మడిచి కొడితే పడేలాంటివి.

ఆ దెబ్బలు నా చేతిరాత వల్ల పడ్డాయి.

హారతి


పెనుగొండ,
30 జూలై 1998.

హారతీ,

నీ ఉత్తరం అందిన గంటకే రాస్తున్నాను. తలుపులమ్మగారికి క్షమించమని విడిగా రాశాను. సగం కాగితం క్షమాపణ, సగం కాగితం ఆవిడ కూర గురించి. రెండోదే పనిచేస్తుందని నా నమ్మకం.

పొరపాటు నాది. ఇంటి పెద్ద అంటే మీ నాన్న అని నా ఉద్దేశం. కానీ డైరీ సంగతి మాత్రం నిన్ను మెచ్చుకోను. కొట్టేవాడికే ఉత్తరం రాసి కొట్టొద్దని చెప్పడం ఇంకెప్పుడూ చెయ్యకు. ఇంత చెప్పి వదిలేస్తున్నాను. ఏడుస్తూ కూర్చుంటే నీ మనసు తేలికపడుతుంది, దాని వీపు కాదు.

ఇప్పుడు పని చూడు. ఆ పిల్లని పిలిచి ప్రశ్నలు వేయకు. పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా పని చెప్పు. చేతుల్లో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. అది చెప్పినప్పుడు నమ్ము. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకు. ఆ ఒట్టు నిలబెట్టుకుంటే దానికి ద్రోహం, తప్పితే ఇంకో ద్రోహం. నువ్వు చూసినవి తారీకుతో రాసిపెట్టుకో. మీ సిస్టర్‌కి చెప్పు. ఆ పెదనాన్నని మాత్రం పిలిపించనివ్వకు. ఈ లోకంలో ఆ పిల్ల ఎవరి పేరు చెప్పినప్పుడు మొహం వెలుగుతుందో కనిపెట్టు. ఆ మనిషిని వెతకడం నా వంతు.

నిన్ను గురించే అని నేనెందుకు అనుకున్నానో కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్ళలో నా దగ్గరికి వచ్చి ‘ఒక పిల్ల ఉందండీ’ అన్న ప్రతి పిల్లా తన సంగతే చెప్పింది.

కానీ అసలు కారణం అది కాదు. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఎండాకాలం సెలవులకి వచ్చావు. నేను పెరట్లో ఆవకాయకి కాయ కొడుతున్నాను. నువ్వు వచ్చి నిలబడి, “అత్తయ్యా, ఒక పిల్ల ఉంది. లెక్క తప్పు చేస్తే ట్యూషన్ మేష్టారు బియ్యం గదిలో పెట్టి తలుపేస్తారు” అన్నావు. నేను కత్తి కింద పెట్టలేదు. తలెత్తలేదు. “అయితే ఆ పిల్లని లెక్కలు సరిగ్గా చెయ్యమను” అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నువ్వు లోపలికి వెళ్ళిపోయావు.

నువ్వు ఊరెళ్ళిన రెండు రోజులకి ఆవకాయ జాడీకి వాసెన కడుతుంటే నాకు తట్టింది. ఊళ్ళో పిల్లలందరి మాటా వినే వార్డెన్‌గారు ఇంట్లో పిల్ల మాట వినలేదు. పదమూడేళ్ళయింది. అడగడానికి మొహం చెల్లలేదు. అందుకే ఈసారి ఆగకుండా పరిగెత్తాను, ఎదురుగా ఉన్న గోడని కూడా చూసుకోకుండా.

ఆ పిల్ల నువ్వేనా?

శ్యామలాంబ


కడియపులంక,
10 ఆగస్టు 1998.

అత్తయ్యకి,

ముందు ఉష సంగతి. ప్రస్తుతం క్షేమంగా ఉంది. మిగతాది చదువుతూ కంగారు పడతారని ముందే రాశాను.

మీరు చెప్పినట్టే పని చెప్పాను. రోజూ మధ్యాహ్నం నాతో పాటు పుస్తకాలకి అట్టలు వేసింది. మొదటి రెండు రోజులు జిగురు గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, “మా అమ్మమ్మ అన్నం మెతుకులతో అతికిస్తుందండి, జిగురు కన్నా గట్టిగా ఉంటాది” అంది. మొహం వెలిగింది. అమ్మమ్మ పేరు పెద్దింట్లమ్మ. నరసాపురం అవతల సముద్రం పక్కన ఉంటుంది. ఎండు చేపలు అమ్ముతుంది. ఏడాదిగా మనవరాలిని చూడలేదు.

నాలుగో రోజు కత్తెర పట్టుకుని, అట్ట కత్తిరిస్తూనే చెప్పింది. సాయంత్రాలు నర్సరీ సంచుల్లో తను నింపే మట్టి తక్కువైతే వాళ్ళ పెదనాన్న కొడతాడు, ఎక్కువైతే కొడతాడు. తాగి కాదు, తాగకుండానే. నేను మధ్యలో ఏమీ అడగలేదు. అయిపోయాక, తప్పు నీది కాదని చెప్పాను. డైరీలో రాసింది నా తప్పని కూడా చెప్పాను. “టీచర్లు తప్పు చేస్తారాండీ?” అంది. చేస్తారన్నాను. కత్తెర కింద పెట్టి నా వైపు తిరిగి కూర్చుంది.

“ఎవరికీ చెప్పరు కదండీ?” అంది. “చెప్తాను. దీన్ని ఆపగలిగినవాళ్ళకి చెప్తాను. కానీ ఎవరికి చెప్తానో ముందు నీకు చెప్తాను” అన్నాను. ఆలోచించి, “మరి ఎవరికండీ?” అంది. సిస్టర్‌కి, మీకు అన్నాను. సరేనంది.

సిస్టర్ అంతా విని, “ముందు ఆ పెదనాన్నని పిలిపించి మాట్లాడదాం” అన్నారు. నేను “వద్దు సిస్టర్” అన్నాను. అత్తయ్యా, నేను పుట్టి బుద్ధెరిగాక ఏ సిస్టర్‌కీ ఎదురు చెప్పలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. నేను తారీకులు రాసుకున్న కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “ఈరోజు నుంచి ఆ అమ్మాయి బోర్డింగులోనే ఉంటుంది” అన్నారు. డాక్టరుగారికి చూపించి కాగితం రాయించారు.

మీ క్షమాపణ ఉత్తరం పట్టుకుని తలుపులమ్మగారు మేడ మీదికి వచ్చారు. “సరేనండి, మీరు కాదు. మరి ఆ పిల్ల ఎవరండీ?” రేపు చెప్తానన్నాను. “ఏం, పంచాంగం చూడాలా?” అన్నారు. మర్నాడు ఉషని అడిగాను, ఆవిడకి చెప్పొచ్చా అని. అబ్బులు పనిచేసేది ఆవిడ నర్సరీలోనే. ఉష ఆలోచించి, “ఆవిడ అరుస్తారండి. కానీ కొట్టరు. చెప్పండి” అంది.

చెప్పాను. ఆవిడ అరవలేదు. మచ్చలు ఎలా ఉన్నాయో వేలితో గీసి చూపించమన్నారు. చూసి కిందికి వెళ్ళి, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు ముక్క తెచ్చి, మడిచి నా ముందు పెట్టారు. అదే వంపు.

“మా పైపేనండి” అన్నారు. “రాత్రుళ్ళు తోటలో వదిలేస్తే ఎత్తుకుపోతున్నారని, రోజూ ఇంటికి పట్టుకెళ్ళమని అబ్బులికి చెప్పింది నేనేనండి. ఆ పిల్ల సాయంత్రాలు నా తోటలోనే సంచుల్లో మట్టి నింపుతుంటే చేతులు చురుగ్గా ఉన్నాయనుకున్నాను గాని, ఇంత ఉక్కలో ఆ పొడుగు చేతుల జాకెట్టు ఎందుకో అడగలేదండి.” ఆ పూట కూర నేను వండి పట్టుకెళ్ళాను. ఉప్పు ఎక్కువైంది. అయినా గిన్నె ఖాళీ చేశారు.

లారీ ఆఫీసుకి ఆవిడే వెళ్ళారు. ఉష తండ్రి ఒరిస్సాలో, కటకంలో ఉన్నాడట. అక్కడి ఏజెంటుకి ఎస్టీడీ చేయించి, వెంటనే బయల్దేరమని చెప్పించారు. మీరు అమ్మమ్మని వెతకాలి.

మీరు అడిగిందానికి జవాబు. అవును, నేనే. అరగంట కన్నా ఎప్పుడూ ఎక్కువ ఉంచలేదు. పైన చిన్న కిటికీ ఉండేది. ఆ తర్వాత ఏడాది ట్యూషన్ మారింది. పెద్ద సంగతి కాదు. ఇప్పటికీ బియ్యం డబ్బా మూత తీసేటప్పుడు ఊపిరి బిగబడతాను, అంతే. మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది. ఆలస్యమైందని అనుకోకండి.

హారతి


పెనుగొండ,
19 ఆగస్టు 1998.

హారతీ, తల్లీ,

నీ ఉత్తరంలో చివరి పేరా గురించి ఇప్పుడేమీ రాయలేను. నువ్వు వచ్చినప్పుడు పక్కన కూర్చుంటాను. చాలదూ?

నరసాపురం చేపల మార్కెట్టులో ఎండు చేపలమ్మే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి పెద్దింట్లమ్మ ఎవరంటే నలుగురు లేచారు. నలుగురి పేరూ అదే! ఉషారాణి అమ్మమ్మ ఎవరంటే ఒకావిడ మాత్రం నిలబడి మిగతా ముగ్గురూ కూర్చున్నారు. నేను రెండు మాటలు చెప్పగానే బుట్ట పక్కావిడకి అప్పగించేసింది. “నా మనవరాలికి నేనంటే నామోషీ అయిపోయిందని, చేపల వాసనకి రానంటోందని ఆ అబ్బులుగాడు చెప్పేడండి. నేను నమ్మేసేనండి. నమ్మేసి ఏడాది ఊరుకున్నానండి!” బస్సు ఎక్కేదాకా తనని తానే తిట్టుకుంటూ ఉంది. నేనూ నా ఆవకాయ కత్తి సంగతి చెప్పాను. ఇద్దరు ముసలివాళ్ళం పాలకొల్లు దాకా ఎవరిని వాళ్ళం తిట్టుకుని, అక్కడ దిగి జీళ్ళు కొనుక్కుని తిన్నాం. అక్కడి నుంచి ఆవిడ మీ ఊరి బస్సెక్కింది, ఈపాటికి ఉషని చూసే ఉంటుంది.

సురేష్‌బాబు వచ్చాడని మీ సిస్టర్ రాశారు. అతను అన్నని కొట్టడానికి పరిగెత్తబోతే తలుపులమ్మగారు గేటుకి అడ్డం నిలబడి, “ఇంకో దెబ్బ దానికి చూపించకండి బాబూ. కాగితాలు పట్టుకుని పోలీసు స్టేషన్‌కి పదండి, నేనూ వస్తాను” అన్నారట. ఆవిడ గొంతు నాకిప్పుడు చాలా నచ్చింది. కేసు రాశారట. అబ్బులికి తోటలో పని కూడా పోయిందట.

ఇక్కడ నా పాత హాస్టల్లో ఒక సీటు ఖాళీ ఉంది. నేను వార్డెన్‌ని కాకపోయినా సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటాను, నన్ను వెళ్ళగొట్టే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మమ్మ ప్రతి ఆదివారం వస్తుంది. తండ్రికి సమ్మతమే. కానీ ఉషని అడగకుండా చెయ్యొద్దు. అది ఏమంటుందో అడిగి రాయి.

శ్యామలాంబ


కడియపులంక,
6 సెప్టెంబరు 1998.

అత్తయ్యకి,

అడిగాను. “అక్కడ లైబ్రరీ ఉందాండీ?” అంది. ఒక బీరువా ఉందన్నాను. “అట్టలున్నాయాండీ?” అంది. బహుశా లేవన్నాను. అయితే వెళ్తానంది.

నిన్న పొద్దున్న మొక్కల లారీలోనే తండ్రి పక్కన కూర్చుని బయల్దేరింది. వెనకాల కొబ్బరి మొక్కలు. తలుపులమ్మగారు మీకోసం ఒక గులాబీ మొక్క ఇచ్చారు. ఎర్రది కాదు, పసుపుపచ్చది. ‘రాక్షసి ఇచ్చిందని చెప్పండి’ అన్నారు. తోటలో పైపులకి కొత్తగా తాళం వేసే గది కట్టించారు. ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళక్కర్లేదు. స్కూలు పిల్లల్నెవరినీ మట్టి పనిలోకి రానివ్వడం లేదు.

బోర్డింగులో ఉన్న నెల రోజుల్లో ఉష ఇరవై రెండు పుస్తకాలకి అట్టలు వేసింది. చివరిదానికి మాత్రం అన్నం మెతుకులతో అతికించింది. సిస్టర్ చీమలు పడతాయన్నారు. ఇంకా పట్టలేదు.

కూర మళ్ళీ వస్తోంది. ఇప్పుడు రెండు గిన్నెలు.

హారతి


పెనుగొండ,
13 డిసెంబరు 1998.

నా హారతికి,

పసుపు గులాబీ మొగ్గ వేసింది. పిల్లి ఆ కుండీ పక్కన పడుకోవడం మొదలుపెట్టి నా కుర్చీ నాకు వదిలేసింది. తలుపులమ్మగారికి రెండు విధాలా రుణపడ్డానని చెప్పు.

నీ శిష్యురాలు పొట్టి చేతుల గౌను కుట్టించమని నన్ను అడిగింది. ఇంత చలిలోనా అన్నాను. చలి పర్వాలేదండి అంది. కుట్టించాను. వాళ్ళమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసింది. వేసవికి వచ్చేస్తుందట. పెద్దింట్లమ్మ వారం వారం ఎండు రొయ్యలు తెచ్చి ఇస్తోంది. ఇల్లంతా ఆ వాసనే. నాకేం నామోషీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ మధ్యాహ్నం కత్తిపీట ముందేసుకుని చిక్కుడుకాయలు తరుగుతున్నాను. ఉష హాస్టల్ నుంచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, గడప వైపు చూస్తూ అంది. “అమ్మమ్మగారూ, ఒక పిల్ల ఉందండీ.”

కత్తిపీట మడిచి గోడవారకి పెట్టేశాను. చేతులు చీరకి తుడుచుకుని, “ఇలా వచ్చి కూర్చో” అన్నాను. మళ్ళీ ఏమైందే నా తల్లీ అనుకున్నాను.

నా మొహం చూసి ఉష నవ్వింది. “నేను కాదండీ. నిజంగానే ఇంకో పిల్ల. కొత్తగా వచ్చింది, ఆరో తరగతి. పడుకునే ముందు మంచం కింద చూసుకుంటాదండి. శనివారం ఇంటికెళ్ళాలంటే కడుపునొప్పి అంటాది. వార్డెనమ్మగారికి చెప్పడానికి భయమంట. మీకు చెప్తానని దానికి ముందే చెప్పి వచ్చేనండి. సరేనంది.”

ఇద్దరం హాస్టల్‌కి వెళ్ళాం. చాలాసేపు కూర్చున్నాం. ఆ కొత్త పిల్ల కొంత చెప్పింది. మిగతాది మెల్లిగా చెప్తుంది, తొందరేముంది. రేపు కొత్త వార్డెనమ్మతో మాట్లాడతాను.

చిక్కుడుకాయ కూర ఇవాళ చెయ్యలేదు. ఆ పిల్లతో కలిసి ముగ్గురం పెరుగన్నంలో ఆవకాయ నంచుకుని తిన్నాం.

నీ అత్తయ్య
శ్యామలాంబ